థార్న్‌డేల్ జీవిత సభ్యుడు

నా భార్య డల్సీ ఆ క్లబ్బును దాదాపు ముప్ఫై ఏళ్లు మోసింది. జీవిత సభ్యత్వం నాకిచ్చారు. ఇది వాదన కాదు, జరిగిన సంగతి. థార్న్‌డేల్ ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లోకి ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. బార్ పక్క గోడ మీద ఎర్ర కర్ర బోర్డు ఉంది, దాని మీద బంగారు అక్షరాలు. పైనుంచి కిందిదాకా అన్నీ మగ పేర్లే. వాటిలో సి. జె. ట్రాంటర్ అని ఒకటి ఉంది. అది నేను. క్లెమ్ ట్రాంటర్‌ని.

నేను ఆ క్లబ్బుకి ఏనాడూ ఆడలేదు. మాలీ ప్రాంతపు ఎండు నేలల్లో గోధుమలు పండించే ఇంట్లో పుట్టాను. ఒకే పంతులున్న పల్లెటూరి బళ్లో చదివాను. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇటుకల బట్టీలో పనికని మెల్‌బోర్న్ వచ్చి, డల్సీని చేసుకుని, థార్న్‌డేల్‌లో ఉండిపోయాను. శనివారం ఆట జరిగేటప్పుడు గడియారం చూసి గంట కొట్టేవాణ్ని. కూర్చుని చేసే పని. నెత్తిన రేకు కప్పు ఉండేది, వాన పడినా తడిసేవాణ్ని కాదు. మాది ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, బంతిని చేత్తోనూ పట్టొచ్చు, నాలుగు పావుల ఆట. ప్రతి పావుకీ మొదట ఒకసారి, చివర ఒకసారి గంట లాగాలి. ఆ తాడు ఎవరి చేతికిచ్చినా లాగుతారు.

డల్సీ చేసిన పని వేరు. శనివారం సాయంత్రం మగవాళ్లు జెర్సీలు విప్పి హాల్లో ఒక మూల కుప్ప పోసేవారు. ఆ కుప్ప మా ఇంటికొచ్చేది. ఉన్ని జెర్సీలు, ఎరుపూ తెలుపూ చారలు. వేన్నీళ్లలో వేస్తే ఎరుపు తెలుపులోకి కారుతుంది. అందుకని చన్నీళ్లలోనే ఉతకాలి, అదీ జులైలో, మా దేశంలో అది నడి చలికాలం. ఆదివారం చర్చి నుంచి రాగానే తొట్టి ముందు నిలబడేది. సాయంత్రానికి చేతులు మోచేతుల దాకా కందిపోయేవి. పెరడంతా తీగలు, తీగల నిండా జెర్సీలు. వాన వస్తే అవి వంటింట్లో వేలాడేవి. మా అమ్మ ఒక చలికాలం మా దగ్గర ఉంది. "మగాళ్లు మట్టి చేస్తారు, ఆడాళ్లు ఉతుకుతారు. దీనికి మొహం ముడుచుకోడం దేనికే?" అనేది. నేనూ ఒకసారి అన్నాను, తడిబట్టలు మొహానికి తగులుతుంటే ముద్ద ఎలా దిగుతుందని. "అయితే నువ్వు బయట వానలో కూర్చుని తిను. బట్టలు లోపలుంటాయి," అంది డల్సీ.

శనివారం మొత్తం క్యాంటీనే. పొద్దున్నే పొయ్యి వెలిగించి, పెద్ద బాయిలర్లో టీకి నీళ్లు మరిగించి, మీట్‌పైలు వేడిచేసి, బఠాణీ సూపు కాచేది. తోడు బ్రైడీ కొలహాన్ అని ఒక ఐరిష్ విధవ. నోటికి హద్దు లేని మనిషి. క్యాంటీను కిటికీ మైదానం వైపే ఉంది కానీ, ముందు మగవాళ్లు వరసగా నిలబడతారు. కిటికీలోంచి కనబడేవి ఓవర్‌కోట్ల వీపులు, టోపీలు. ఆట కనబడదు, వినబడుతుంది. గోలు పడితే ఒక కేక, తప్పితే ఒక కేక. ఆ కేకల్ని బట్టే ఎవరు గెలుస్తున్నారో డల్సీ చెప్పేది. గంట మోగితే చాలు, వీపులు మొహాలయ్యేవి. "సాస్ ఎక్కువ వెయ్యి డల్సీ", "టీ చల్లారిపోయింది బంగారం", "త్వరగా తల్లీ, గంట కొట్టేస్తాడు నీ మొగుడు".

ఎవరైనా ఆటగాడికి నూట యాభయ్యో ఆట వస్తే కాగితం తెర కట్టాలి. ఇది మా ఆటలో ఆచారం. రంగు కాగితం పట్టీలు అతికించి, ఇంటి ఎత్తు తెర చేసి, దాని మీద వాడి పేరు రాసి, రెండు గడలకు కట్టి నిలబెడతారు. వాడు జట్టును వెంటేసుకుని పరిగెత్తుకొచ్చి దాన్ని చింపుకుని మైదానంలోకి దిగుతాడు. ఆడవాళ్లు హాల్లో నేల మీద మోకాళ్ల మీద కూర్చుని అతికించేవారు. ఒకసారి బ్రైడీ జిగురు చేతులు పైకెత్తి అంది: "మనం వారమంతా అతికించాలి, వాళ్లు ఒక్క అడుగులో చింపాలి. పెళ్లిలాగే ఉంది కదే ఇది." డల్సీ అందరికంటే ఎక్కువ నవ్విందట.

ఆ హాలు కూడా వాళ్లదే. ముందు రేకుల షెడ్డు ఉండేది. డాన్సులు పెట్టి, విందులు వండి, ఆడవాళ్లు పోగుచేసిన డబ్బుతో ఇటుకల హాలు లేచింది. లేచాక కమిటీ కూర్చుని, బార్ ఉన్న పక్కకి ఆడవాళ్లు రాకూడదని తీర్మానం చేసింది. టీ అందించడానికి గోడలో చిన్న కిటికీ పెట్టించారు. ఆడవాళ్ల సౌకర్యం కోసమని మినిట్సులో రాసుకున్నారు.

ఏటా ఏప్రిల్లో ఆటలు మొదలయ్యే ముందు మాత్రం ఆడవాళ్లను ఆ పక్కకి రానిచ్చేవారు, తుడవడానికి. డల్సీ స్టూలెక్కి జీవిత సభ్యుల బోర్డుకి నూనె పట్టించేది. ఒక్కో పేరూ గుడ్డతో రుద్దేది. ఆ పేర్లున్న మనుషుల్లో సగం మందికి ఆమె చొక్కాలు ఉతికింది, సగం మంది పెళ్లిళ్లకి కేకు చేసింది, కొందరి చావులకి టీ కాచింది. ఒక ఏడు ఇంటికొచ్చి, నూనె చేతులు కడుక్కుంటూ నాతో అంది: "క్లెమ్, నాకు ఆ బోర్డు మీద పేరు కావాలి." అంతకుముందు గానీ తర్వాత గానీ ఆమె నన్ను ఏదీ కావాలని అడగలేదు. అందుకే అది నాకు గుర్తుండిపోయింది.

క్లబ్బుకి యాభై ఏళ్లు వస్తున్నాయని, పందొమ్మిది వందల డెబ్భై ఒకటిలో చరిత్ర పుస్తకం వేద్దామనుకున్నారు. రాసేవాడు కీత్ లోవెట్. ఒకప్పటి ఆటగాడు, అప్పటికి స్కూలు మాస్టరు. పాత సంగతులన్నీ తెలిసింది డల్సీ ఒక్కదానికే అని ఎవరో చెప్తే మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఆ చలికాలమంతా మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆమె చేసిన స్కోన్లనే చిన్న రొట్టెలు జామ్‌తో తిని, ప్రశ్నలు నన్నడిగేవాడు.

"క్లెమ్, యుద్ధం రోజుల్లో మైదానం ఎవరు చూసుకున్నారోయ్?"

"నేను అప్పుడు న్యూగినీ బురదలో ఉన్నాను. ఆవిణ్ని అడుగు," అన్నాను.

డల్సీ చెప్పింది. అప్పుడు ఆమెకి పదిహేడేళ్లు, తుపాకి గుళ్లు చేసే ఫ్యాక్టరీలో పని. మగవాళ్లంతా సైన్యంలోకి పోయారు, క్లబ్బుకి తాళం పడింది. అద్దె కట్టేవాడు లేడని, మైదానం దున్ని బంగాళాదుంపలు వేస్తామంది మునిసిపాలిటీ. ఫ్యాక్టరీ ఆడపిల్లలు కొందరు కలిసి రేకుల షెడ్డులో శనివారం డాన్సులు పెట్టి, ఆ డబ్బుతో అద్దె కట్టారు. కొడవళ్లతో గడ్డి కోశారు. గోలు గడలకి సున్నం కొట్టారు. ఒకసారి సైనికుల నిధి కోసం, మగవాళ్ల జెర్సీలే వేసుకుని, పక్క పేట ఆడపిల్లలతో ఆట కూడా ఆడారు.

కీత్ నవ్వాడు. "ఆట అంటే ఆట కాదులే. సరదాకి."

"నాలుగు పావులూ ఆడాం. నా పక్కటెముక విరిగింది. సరదాకి విరుగుతుందా?" అంది డల్సీ.

"సరే సరే," అని కీత్ రాసుకున్నట్టు కనబడ్డాడు. ఇంకో స్కోను తీసుకున్నాడు.

ఆ ఆగస్టులో బ్రైడీ, మరికొందరు ఆడవాళ్లు క్లబ్బు ప్రెసిడెంటు నెవిల్ హాస్కిన్ దగ్గరికి వెళ్లారు. జూబిలీకి డల్సీని జీవిత సభ్యురాల్ని చెయ్యమన్నారు. నెవిల్‌కి కార్ల షోరూము ఉండేది, మాటల్లో చక్కెర. ఆ తర్వాతి శనివారం క్యాంటీను కిటికీ మీద మోచెయ్యి ఆనించి డల్సీతో అన్నాడు: "నీ కష్టం మేం మరిచిపోతామా బంగారం? జూబిలీ రోజు చూస్తావుగా. మంచి గౌను ఒకటి కొనుక్కో."

డల్సీ గౌను కొనుక్కుంది. నీలం రంగు. మా పెళ్లి తర్వాత ఆమె తనకోసం కొనుక్కున్న ఖరీదైన బట్ట అదొక్కటే. చేతులకి గ్లౌజులు కూడా కొంది, ఉతికి ఉతికి వేళ్లు పగిలిపోయి ఉన్నాయని.

జూబిలీ విందు ఆదివారం మధ్యాహ్నం. రెండు వందల మందికి వంట. వండింది ఎవరో చెప్పక్కర్లేదు. నీలం గౌను మీద ఏప్రన్ కట్టుకుని, గోడ కిటికీలోంచి గొర్రె మాంసం, బంగాళాదుంపలు అందిస్తూనే ఉంది. భోజనాలయ్యాయి. బల్లల మీద కొత్త పుస్తకాలు పెట్టారు. నెవిల్ లేచి, బోర్డు మీద కప్పిన క్లబ్బు జెండా ముందు నిలబడ్డాడు. డల్సీ ఏప్రన్ విప్పేసింది. గ్లౌజులు తొడుక్కుంది. వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

నెవిల్ జెండా లాగాడు. తడి ఆరని బంగారం రంగులో సి. జె. ట్రాంటర్ అని ఉంది.

"ఎండనక వాననక ఇరవై ఏళ్లుగా మనకి గంట కొట్టిన మనిషి," అన్నాడు నెవిల్. "ఆయన వెనక ఎవరున్నారో కూడా మనకి తెలుసు. ట్రాంటర్ల ఇల్లు ఈ క్లబ్బుకి చేసిన సేవ చిన్నది కాదు. నిబంధన ప్రకారం ఆడినవాళ్లకీ కమిటీవాళ్లకీ తప్ప ఇవ్వకూడదు. కానీ గంట కొట్టేవాడూ అధికారే కనక, ఆ దారిన గౌరవం ఆ ఇంటికి చేరేలా చూశాం."

నేను లేచాను. "ఇది నాది కాదు. డల్సీది. పొరపాటు పడ్డారు, దిద్దుకోండి," అన్నాను.

హాలంతా నవ్వింది. నేను తక్కువ మాట్లాడే మనిషిని. నోరు విప్పితే వేళాకోళమని వాళ్ల లెక్క. "చూశార్రా, ఇంటికెళ్తే తిండి పుట్టదని ముందే జాగ్రత్తపడుతున్నాడు," అన్నాడు ఎవడో. బల్లలు చరిచారు. నేను మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వారు. మూడోసారి నా గొంతు ఎవరికీ వినబడలేదు, అప్పటికే పాట ఎత్తుకున్నారు. నెవిల్ తలుపు వైపు చెయ్యి ఊపాడు. "డల్సీ బంగారం, ఇలా రా. మొగుడి కోటుకి బ్యాడ్జీ నీ చేత్తోనే పెట్టాలి."

ఆమె వచ్చింది. గ్లౌజులతో పిన్ను పట్టు దొరకడం లేదని వాటిని విప్పి నెవిల్ చేతికిచ్చింది. నా కోటు మడత పట్టుకుని పిన్ను గుచ్చింది. నా మొహంలోకి చూడలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మా అబ్బాయి రాస్ కూడా కొట్టాడు. వాడప్పుడు ఇరవై రెండేళ్లవాడు, జట్టులో ముందు వరస ఆటగాడు. కారు దగ్గర వాళ్లమ్మతో అన్నాడు: "నాన్నకిస్తే నీకిచ్చినట్టేగా అమ్మా. ఏముంది అందులో?"

ఇంటికొచ్చాక డల్సీ నీలం గౌనుతోనే వంటింట్లో కూర్చుంది. తొట్టి పక్కన శనివారం జెర్సీల కుప్ప మట్టితో అలాగే ఉంది. ఆమె పుస్తకం తెరిచి వెతుక్కుని, ఒక పేజీ దగ్గర ఆగి, గట్టిగా చదివింది: "యుద్ధ కాలంలో క్లబ్బు నిద్రపోయింది. వీరులు తిరిగి వచ్చి దాన్ని మేల్కొలిపారు." పుస్తకం మూసింది. అప్పుడు మాట్లాడింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తాను.

"నిద్రపోయిందట క్లెమ్. మరి నేనెక్కడున్నాను? ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు నిలబడి, వచ్చి గడ్డి కోసింది ఎవరి కలలో? నేను ఆడిన ఆట ఎలా జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వు అడగలేదు. మూడో పావులో బంతి పైకి లేచింది. నేనూ లేచాను. నా వెనక ఒకమ్మాయి నా వీపు మీద మోకాలు పెట్టింది, అప్పుడే ఎముక విరిగింది, అయినా బంతి వదల్లేదు. బంతిని గాల్లో పట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలుసు, గంట కొట్టేవాడివి కదా. ఆట ఆగిపోతుంది. ఎవరూ నిన్ను ముట్టుకోకూడదు. అందరూ వెనక్కి తగ్గి, నువ్వేం చేస్తావా అని చూస్తారు. నా బతుకులో ఎవరూ నన్నేమీ అడక్కుండా, సాస్ వెయ్యమనకుండా, టీ పొయ్యమనకుండా, ఈవిడ ఏం చేస్తుందా అని ఆగి చూసింది ఆ ఒక్కసారే. నేను నింపాదిగా వెనక్కి నడిచి, పరిగెత్తుకొచ్చి తన్నాను. గోలు పడింది. ఆ తర్వాత మీరంతా యుద్ధం నుంచి వచ్చారు, జెర్సీలు మీకిచ్చేశాం, ఉతికి మరీ ఇచ్చాం. అప్పట్నుంచీ ఉతుకుతూనే ఉన్నాం. నాకు కోపం బోర్డు గురించి అనుకుంటున్నావా? బోర్డు మీద పేరు లేకపోతే లేదు, నిబంధన అంటే సరే అనుకునేదాన్ని. కానీ నా పని చూశారు. చూసి, తూచి, దానికి గౌరవం ఇవ్వాలని కూడా అనుకున్నారు. ఇచ్చేటప్పుడు దాన్ని పట్టుకోడానికి నా చేతులు సరిపోవనుకున్నారు. పిన్ను గుచ్చడానికి మాత్రం సరిపోయాయి. నువ్వు లేచి చెప్పావు, విన్నాను. మగాడివి, నువ్వు చెప్పినా నవ్వారు. ఇక నేను చెప్తే ఏం చేస్తారు?"

నేను బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టాను. "అది తీసెయ్యి అక్కణ్నుంచి, తిండి తినే చోటు," అంది.

మర్నాడు మట్టి జెర్సీలన్నీ దుప్పట్లో మూట కట్టింది. మొదట నెవిల్ ఇంటి వరండాలో పడేద్దామనుకుంది. తర్వాత ఆగింది. "అక్కడ పెడితే వాడి పెళ్లాం ఉతుకుతుంది," అంది. మూట భుజాన వేసుకుని క్లబ్బు హాలుకి నడిచి వెళ్లి, బోర్డు కింద దింపి, దాని మీద క్యాంటీను తాళంచెవి పెట్టి వచ్చింది. దారిలో బ్రైడీ ఇంటి దగ్గర ఆగి ఆమెకీ చెప్పింది. బ్రైడీ ఏమందో నాకు తెలీదు. ఆ వారం క్యాంటీను వైపు ఆడవాళ్లెవరూ పోలేదు.

శనివారం థార్న్‌డేల్ జట్టు వారం నాటి మట్టి అట్టలు కట్టిన జెర్సీలతో మైదానంలోకి దిగింది. అవతలి జట్టు తాలూకు జనం కంచె పట్టుకుని అరిచారు: "ఏరా, మీ అమ్మలంతా ఒక్కసారే చచ్చారేంట్రా?"

డల్సీ నీలం గౌను వేసుకుని గేటు దగ్గరికి వచ్చింది. టికెట్లిచ్చే ముసలాయన నవ్వాడు. "నీకు టికెట్టేంటి డల్సీ, లోపలికి పో. టీ కోసం జనం చూస్తున్నారు."

"టికెట్టు ఇవ్వండి. ఆట చూడ్డానికొచ్చాను."

ఆయన డబ్బులు తీసుకోలేదు. ఆవిడ కదల్లేదు. వెనక వరస పెరిగింది. చివరికి ఆయనే ఓడిపోయి టికెట్టు చింపి ఇచ్చాడు. ఆమె చెక్క మెట్ల మీద, మగవాళ్ల మధ్య, సరిగ్గా మైదానం మధ్యకి ఎదురుగా కూర్చుంది. నేను గంట గదిలోంచి చూస్తూనే ఉన్నాను. మొదటి పావు అయ్యాక జనం క్యాంటీను దగ్గరికి పోయి, మూసిన తలుపు చూసి, తిరిగి వచ్చి ఆమె వైపు చూశారు. సగం ఆట అయ్యేసరికి నెవిల్ మెట్లెక్కి వచ్చాడు. ఆ గొంతు నాదాకా వినబడింది.

"ఒంట్లో బాగాలేదా డల్సీ?"

"బాగుంది."

"మరి క్యాంటీను? ఇంతమంది ఆకలితో ఉన్నారు. ఏదైనా మనసులో ఉంటే ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం బంగారం."

"జీవిత సభ్యుల బోర్డు కింద తాళంచెవి ఉంది. ఆ బోర్డు మీద చాలామంది ఉన్నారు, ఎవరో ఒకరు తీస్తారు. నా పేరు డల్సీ. కాస్త పక్కకి జరుగు నెవిల్, ఆట కనబడటం లేదు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఈసారి నవ్వింది మమ్మల్ని చూసి కాదు. నెవిల్ నా గంట గదికి వచ్చాడు. "ఒరేయ్ క్లెమ్, పెళ్లానికి చెప్పుకోలేవా?" అన్నాడు. మూడో పావుకి టైమయిందని నేను గంట కొట్టాను. అతని చెవి పక్కనే ఉంది.

ఆ రోజు రాస్ నాలుగు గోల్స్ కొట్టాడు. క్లబ్బు గెలిచింది. డల్సీ చివరిదాకా కదల్లేదు. చప్పట్లు కొట్టలేదు, కేక వెయ్యలేదు. ఇంటికి నడిచి వస్తున్నాం. ఇటుకల బట్టీ మలుపు దగ్గర ఆగింది.

"వాడు ఎడమ కాలితో తన్నుతాడు," అంది.

నాకు అర్థం కాలేదు. రాస్ ఎడమ కాలి వాటం మైదానంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పేపర్లో కూడా పడింది.

"పదహారేళ్లప్పుడు వాడి కుడి చీలమండ విరిగితే రెండు నెలలు నేనే కట్లు కట్టాను. అంతకుముందు సందులో కుడి కాలితోనే తన్నేవాడు. ఆ తర్వాత ఎడమకి మారాడన్నమాట. ఆరేళ్లుగా ప్రతి శనివారం నాకు ఇరవై గజాల దూరంలో ఎడమ కాలితో తన్నుతున్నాడు. వాడి సాక్సులు ఉతికాను. వాడు గోలు కొట్టినప్పుడల్లా కేక విన్నాను. ఏ కాలితో కొట్టాడో నాకెవరూ చెప్పలేదు క్లెమ్. నేను చూడలేదని కూడా ఎవరికీ తెలీదు."

అది చెప్పి నడిచింది. ఆ తర్వాత ఇక ఎప్పుడూ క్యాంటీనులో అడుగు పెట్టలేదు. ఇంకెవరి జెర్సీ ఉతకలేదు. రాస్ ఆడినన్నాళ్లూ టికెట్టు కొనుక్కుని ఆ మెట్ల మీదే కూర్చుంది. వాడు మానేశాక శనివారాలు రైలెక్కి సముద్రానికి వెళ్లేది, ఇంకొకరు వేయించిన చేపలు తినేది. క్లబ్బువాళ్లు మాత్రం ఆ ఏడాది మూడుసార్లు మనుషుల్ని పంపారు. జెర్సీల గురించి, సూపు గురించి. బోర్డు గురించి ఎవరూ రాలేదు. లాండ్రీకి డబ్బు కట్టడం వాళ్లకి చేతనైంది. అప్పటిదాకా చేతకాదనేవారు.

డల్సీ పోయిన శరదృతువులో చనిపోయింది. గుండె. చర్చిలో క్లబ్బువాళ్లు వెనక వరసలో కూర్చున్నారు, పూలదండ ఎరుపూ తెలుపూ. వాళ్లతో నేను చెయ్యి కలపలేదు.

పోయిన నెల నెవిల్ కొడుకు గ్రెగ్ వచ్చాడు. ఇప్పుడు ప్రెసిడెంటు అతనే. పాత హాలు బాగుచేస్తున్నారట, క్యాంటీను పూర్తిగా కొత్తది కడుతున్నారట. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాను.

"పెద్దాయనా, కొత్త క్యాంటీనుకి ఆవిడ పేరు పెడదామని కమిటీ అనుకుంది. డల్సీ ట్రాంటర్ క్యాంటీన్. ఇత్తడి పలక చేయిస్తాం. ప్రారంభానికి మీరొచ్చి నాలుగు ముక్కలు మాట్లాడాలి."

"ఆ గదిలోంచి ఆమె తన కాళ్ల మీద బయటికొచ్చింది. చచ్చాక మీరు మళ్లీ లోపల పెడతారా?"

"అలా అంటారేంటి. ఆవిడ మీద గౌరవంతోనే కదా."

"గౌరవమైతే బోర్డు మీద పెట్టండి."

అతను బూట్ల వైపు చూశాడు. "నిబంధన ఒకటుంది కదండీ. బతికున్నవాళ్లకే ఇవ్వాలి. నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం లేదు గానీ..."

బతికుండగా ఆమెకి ఇవ్వకూడదన్నారు. ఇప్పుడు చచ్చినవాళ్లకి ఇవ్వకూడదంటున్నారు. ఆ రెంటి మధ్య డల్సీకి వీళ్లు వదిలిన చోటు క్యాంటీనొక్కటే.

"అయితే ఒక పని చెయ్యి," అన్నాను. "నా పేరు గీకించెయ్యి. నేను బతికే ఉన్నాను, నేనే అడుగుతున్నాను. దీనికి నిబంధన అడ్డు రాదు."

"గీకితే బాగుండదు పెద్దాయనా. అన్ని పేర్ల మధ్య ఖాళీ కనబడుతుంది. వచ్చినవాళ్లంతా ఇదేంటని అడుగుతారు."

"అడగనీ. జవాబు మీరు చెప్పుకోండి. ఇరవై ఆరేళ్ల కిందట ఆ హాల్లో మూడుసార్లు చెప్పాను, నవ్వారు. ఈసారి రాసి పెడతాను. ఇక ఈ సంగతి నా నోట రాదు."

తలుపు వేసుకున్నాను.